గన్నేరును గుర్తుపడదాం, జాగ్రత్తగా పెంచుదాం



హైవే డివైడర్ల మీద గులాబీ, తెలుపు రంగుల్లో విరగబూసి కనిపించే పొద గన్నేరు. మండుటెండను, వాహనాల పొగను, నీటి ఎద్దడిని తట్టుకుంటుంది. అపార్ట్‌మెంట్ ఆవరణల్లో, గుడి తోటల్లో కూడా ఉంటుంది. శివపూజకు ఈ పూలు కోస్తాం. కానీ దీని ఆకు, పువ్వు, కొమ్మ, వేరు, గింజ అన్నీ విషమే. పిల్లలు రోజూ చూసే మొక్క కాబట్టి దీన్ని వాళ్లకు మనమే పరిచయం చేయాలి.

పేరు ఒకటే, మొక్కలు వేరు

గన్నేరు (నేరియం ఒలియాండర్): ఆకులు సన్నగా, పొడవుగా, దళసరిగా ఉంటాయి. ఒక్కో కణుపు దగ్గర సాధారణంగా మూడేసి ఆకులు వస్తాయి. కాయ సన్నగా, పొడవుగా ఉంటుంది. ఎండి పగిలితే నూగు ఉన్న గింజలు గాలికి ఎగురుతాయి.

పచ్చగన్నేరు: పసుపు రంగు గంట లాంటి పూలు. ఆకులు ఇంకా సన్నగా, నిగనిగలాడుతూ కణుపుకు ఒక్కటే వస్తాయి. తుంచితే పాలు కారతాయి. కాయ గుండ్రంగా ఉండి, ముదిరితే నల్లబడుతుంది. ఆ కాయలోని గింజ చాలా ప్రమాదకరం. పిల్లలు ఆటవస్తువనుకుని ఏరుకునేది ఈ కాయనే.

బిళ్ళగన్నేరు: మోకాలి ఎత్తు చిన్న మొక్క. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. పిల్లల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్ చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్ అనే మందు మొదట దీని నుంచే లభించింది. అయినా ఇంట్లో వైద్యానికి వాడకూడదు, ఇదీ విషమే.

పెంచే విధానం

• వానాకాలంలో జానెడు పొడవు ముదురు కొమ్మను కత్తిరించి, కింది ఆకులు తీసి, ఇసుక కలిపిన మట్టిలో నాటాలి.
• కొమ్మను గ్లాసు నీళ్లలో పెట్టి వేళ్లు రప్పించవద్దు. ఆ నీళ్లలోకి కూడా విషం దిగుతుంది.
• రోజంతా ఎండ తగిలే చోటు మంచిది. నీడలో పూలు తగ్గిపోతాయి.
• నీరు నిలవకూడదు. వేళ్లు నిలదొక్కుకున్నాక మట్టి ఆరిన తరువాతే నీరు పోయాలి.
• పూత తగ్గాక కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగుళ్లకు మళ్లీ పూలు వస్తాయి. ఈ పని పెద్దవాళ్లే గ్లౌజులు వేసుకుని చేయాలి.
• కత్తిరించిన కొమ్మలను కాల్చకూడదు, పొగ హాని చేస్తుంది. పశువులకు అందేలా పడేయకూడదు.

ఇంట్లో పాకే పిల్లలు ఉంటే గన్నేరు బదులు మందారం పెంచండి.

పొరపాటున నోట్లో పెట్టుకుంటే

ఈ విషం గుండె కొట్టుకునే తీరును దెబ్బతీస్తుంది. వాంతులు, కడుపునొప్పి, కళ్లు తిరగడం వంటి లక్షణాలు కనిపించేదాకా ఆగవద్దు. నోట్లో మిగిలిన ముక్కలు తీసేసి వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా ఆసుపత్రికి తీసుకెళ్లండి. బలవంతంగా వాంతి చేయించవద్దు. తిన్న మొక్క కొమ్మ ఒకటి సంచిలో వేసుకుని వెళ్తే డాక్టరుకు గుర్తుపట్టడం సులువవుతుంది.

ఈ ఆదివారం మీ పిల్లలతో

మీ కాలనీలో నడుస్తూ గన్నేరు జాతులు ఎన్ని కనిపిస్తాయో చూడండి. ఆకు తుంచకుండా, కణుపుకు ఎన్ని ఆకులున్నాయో పిల్లల చేత లెక్కపెట్టించి నోట్‌బుక్‌లో బొమ్మ వేయించండి. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. "తెలియని ఆకు, పువ్వు, కాయ ఏదీ నోట్లో పెట్టుకోకూడదు" అనే మాటను బొమ్మ కింద వాళ్ల చేతనే రాయించండి.