మేడపై వేడి: కారణ పరీక్ష, నివారణోపాయములు

మన గ్రామములలో మట్టిమిద్దెలును పెంకుటిండ్లును తగ్గి, సిమెంటు స్లాబుతో గట్టిన డాబాలు హెచ్చినవి. పంట కలిసివచ్చిన యేట రైతు తన డాబాపై మరియొక అంతస్తు లేపుచున్నాడు. ఆ పైగదిలో వృద్ధులకో, కొడుకుకోడండ్రకో పడక వేయుదురు. లేదా వేరుసెనగ విత్తనపు బస్తాలు పేర్చుదురు. వేసవి రాగానే క్రింద నిద్రపట్టును, పైన పెనముమీద పడుకొన్నట్లుండును. ఒకే యింట నింత భేద మేల? దీనికి మందేమి? ఈ మాసపు పాఠమున దీనిని విచారింతము.

మొదట కారణము. క్రిందిగదికి అడుగున చల్లని నేల కలదు, పైన మేడయే గొడుగువలె నున్నది. మేడకు గొడుగు లేదు. గుంటూరు, విజయవాడ ప్రాంతమున మే మొదటి వారములో సూర్యుడు మధ్యాహ్నము సరిగా నడినెత్తిమీదికి వచ్చును. అందుచే ఎండ యెక్కువగా కప్పుపైని, ఉదయము తూర్పుగోడపైని, సాయంకాలము పడమటిగోడపైని పడును; ఆ దినములలో దక్షిణపుగోడకు తగులు ఎండ స్వల్పము. నాలుగైదు అంగుళముల స్లాబు పగలెల్ల ఎండను త్రాగి, కొన్ని గంటలు గడచిన పిమ్మట ఆ వేడిని గదిలోనికి విడుచును. కావుననే ప్రొద్దు గ్రుంకిన తరువాత బయట చల్లబడినను మేడగది చల్లబడదు. మన పెద్దల మిద్దెపై మందముగా పరచిన మన్ను ఈ వేడిని చాలవరకు అడ్డుకొనెడిది.

అయినను అన్ని యిండ్లకును కారణ మొక్కటియే కాదు. రోగమెరుగక మందు కొనుట యెంత వ్యర్థమో, కారణమెరుగక డబ్బు వెచ్చించుటయు నంతే. కావున ముందీ పరీక్ష చేయవలయును. ఒకే తీరు ఉష్ణమాపకములు రెండు తెచ్చి, క్రిందిగదిలో నొకటి, పైగదిలో నొకటి, నడుమ, మంచపు ఎత్తున, ఎండయు పొయ్యిసెగయు తగులకుండ వ్రేలాడదీయుడు. మూడు దినములు ఉదయము 6 గంటలకు, పగలు 2 గంటలకు, రాత్రి 9 గంటలకు రెండింటి అంకెలను వ్రాసికొనుడు. ఉష్ణమాపకము లేనివారు రాత్రివేళ బల్లపై నిలిచి కప్పు లోపలివైపును, నాలుగు గోడలను అరచేత తాకి చూచినను చాలవరకు తెలియును.

పగటికంటె రాత్రి 9 గంటలకు భేద మెక్కువైనచో, కప్పు చేతికి వెచ్చగా తగిలినచో, దోషము స్లాబుది. పగలు కిటికీలు తెరచినప్పుడు మేడ మిక్కిలి కాగి, మరునాడు మూసినప్పుడు తగ్గినచో, లోనికి వచ్చినది వడగాలి. మూడుగంటల తరువాత ఒక్క పడమటిగదియే కాగినచో దోషము గోడది. కప్పును గోడలును అంతగా కాగకున్నను రాత్రి గాలి ఉక్కగా నున్నచో, క్రిందినుండి మెట్లవెంట పైకెక్కిన వేడిగాలి బయటికి పోవుదారి లేక నిలిచిపోయినదని యెరుగవలయును.

ఇక నివారణము. తక్కువ వ్యయముగలవానినుండి చెప్పుచున్నాము.

వడగాలికి: ఉదయము ఎండ ముదురకముందే మేడ కిటికీలు మూసి, బయటివైపు తడకలు కట్టుడు. సాయంకాలము బయటిగాలి చల్లబడగానే అన్నియు తెరువుడు. నిలిచిన గాలికి: రాత్రి మెట్ల పైతలుపును, ఎత్తుననున్న గవాక్షములను తెరచి, క్రింది కిటికీలు నొకటి రెండు తెరచినచో, వేడిగాలి పైకి పోవును, చల్లగాలి లోనికి వచ్చును. పడమటిగోడకు: తాటియాకు పందిరియో, చెట్టు నీడయో మేలు.

స్లాబునకు: పగుళ్లు పూడ్చి, దుమ్ము కడిగి, వడగట్టిన సున్నము బంక కలిపి రెండు మూడు పూతలు వేయుడు. తెలుపు ఎండను చాలవరకు తిప్పికొట్టును. వానకు కొట్టుకొనిపోవును గాన, ఏటేట వేసవికి ముందే వేయవలయును. సున్నము కంటబడిన ప్రమాదము. కండ్లకు అద్దాలు పెట్టుకొనుడు. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినదియు ఈ సూత్రము ననుసరించియే. సున్నము చాలనిచో స్లాబుపై పందిరి వేయుడు. పందిరికిని స్లాబునకును నడుమ గాలి యాడు సందు ఉండవలయును.

చేయరానివియు చెప్పవలయును. మిద్దెపై వలె మన్ను మేలని, ఇంజనీరు నడుగక స్లాబుపై మన్ను మోయించరాదు; ఆ బరువునకు కప్పు తాళకపోవచ్చును. పగుళ్లున్న కప్పుపై నీరు నిలుపరాదు. లోని ఇనుపకమ్మి త్రుప్పుపట్టును. గాలి 40 డిగ్రీలు మించినప్పుడు పంకాను మాత్రమే నమ్మరాదు. అది వేడిగాలినే మీదికి విసరును.

ఇదంతయు సుఖమునకై చెప్పిన మాట కాదు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. రాత్రియైనను చల్లబడని గదిలో వృద్ధుల దేహమునకు విశ్రాంతి లేదు. కావున పైపనులు ముగియువరకు వృద్ధులను, పసిబిడ్డలను, గర్భిణులను క్రిందిగదికి మార్చుడు. మేడ యువకులకు విడువుడు. ఎండదెబ్బ తగిలి మాట తడబడినను, స్పృహ తప్పినను, వెంటనే దేహము తడిపి గాలి విసరుచు ఆసుపత్రికి చేర్చవలయును.

విత్తనమునకును ఇదే న్యాయము. తేమ హెచ్చనిచో, నిలువచోటి వేడి 5 డిగ్రీలు తగ్గినప్పుడు విత్తనపు ఆయువు సుమారు రెట్టింపగునని శాస్త్రజ్ఞుల లెక్క. మేడపై మాడిన వేరుసెనగ చూచుటకు బాగుండును, పొలమున మొలకకు రాదు. నష్టము తెలియునప్పటికి అదను దాటిపోవును. కావున బస్తాలను క్రిందిగదిలో చెక్కబల్లలపై, గోడకు దూరముగా పేర్చుడు.

ఉష్ణమాపకముల జత ప్రతి యింటను అక్కరలేదు. సంఘము ఒక జత కొని వంతులవారీగా ఇచ్చినచో ఊరెల్ల పరీక్షించుకొనవచ్చును. సున్నమును కలిసి కొన్నచో ధరయు కలిసివచ్చును. వేసవి ముదురకముందే సభ్యులు ఈ విషయమును సంఘసమావేశమున చర్చించి, పనికి పూనుకొందురు గాక.