ఈ నెల ఇంటి పాఠం: మన కోటను చదువుదాం



కాకతీయుల పాఠం చదివే మన పిల్లలకు అసలు పుస్తకం ఊళ్లోనే ఉంది. ఒక ఆదివారం ఉదయం వారిని వరంగల్ కోటకు తీసుకెళ్లండి.

ముందు గోడలు చూపించండి. గణపతిదేవుడి కాలంలో మొదలైన ఈ కోటను ఆయన కూతురు రుద్రమదేవి బలపరిచింది. బయట మట్టికోట, లోపల రాతికోట, వాటికి అగడ్తలు. లోపలికి రావాలంటే శత్రువు ఎన్ని దాటాలో పిల్లలనే లెక్కపెట్టమనండి.

తర్వాత నాలుగు కీర్తి తోరణాల నడుమ నిలబడండి. నాలుగు దిక్కులా ద్వారాలున్నాయి, గుడి మాత్రం లేదు. అక్కడి స్వయంభూ శివాలయం, 1323లో ఢిల్లీ సైన్యం కోటను గెలిచాక ధ్వంసమైంది. చెక్కిన రాళ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. "ఏ రాయి స్తంభానిది, ఏది పైకప్పుది?" అని అడగండి. జవాబు దొరకకపోతే హనుమకొండ వేయిస్తంభాల గుడిలో పోల్చి చూడవచ్చు. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుడులున్నాయి.

ఒక్క మనవి: ఏడు వందల ఏళ్లు దాటిన రాళ్ల మీద పిల్లలను పేర్లు గీయనివ్వకండి, ఎక్కనివ్వకండి.

ఇంటికి వచ్చాక రెండు బొమ్మలు గీయించండి: కళ్లతో చూసిన తోరణం, ఊహించుకున్న గుడి. రెండూ సోషల్ టీచర్‌కు చూపించాలి.