పిల్లల లోకములకు ధర్మకర్త

సూళ్ళూరుపేట

చిరంజీవియగు మేనల్లునకు,

తడలో మీ యింట పాత లాప్‌టాప్ ఒకటి ఖాళీగా పడియున్నదనియు, పిల్లలు లేచినది మొదలు పడుకొనువరకు మైన్‌క్రాఫ్ట్ మాటయే మాటలాడుచుండుటచే దానిని ఇంటి సర్వరుగా మార్చి వారికి రెండు మూడు లోకములను నెలకొల్పదలచితివనియు, ఆ పని ఎట్లు చేసిన బాగుండునో తెలుపుమనియు నీవు వ్రాసిన ఉత్తరము చేరినది. శ్రీహరికోటలో కంప్యూటర్ల నడుమ ఉద్యోగజీవితము గడపినవాడనగుటచే యంత్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పగలను. మనుమల ప్రక్కన కూర్చుండి ఆ ఆటను చూచినవాడనగుటచే పిల్లలను గూర్చియు చెప్పవలసినది కలదు. ఈ రెండవదియే ముఖ్యమని నా నిశ్చయము గనుక దానితోనే ఆరంభించెదను.

ఆ ఆటలో పిల్లవాడు ఒక్కొక్క దిమ్మెను త్రవ్వి, మోసి, పేర్చి ఇల్లు కట్టుకొనును. మనకది తెరమీది బొమ్మ. వానికి అది స్వార్జితము. ఒక ఉదయమున ఆ యిల్లు కానరాకపోయినచో వాని కంట పెట్టు నీరు అబద్ధము కాదు. అట్టి స్వార్జితమంతయు నీ లాప్‌టాప్‌లోని ఒక ఫోల్డరునం దిమిడియుండును గనుక, సర్వరు నడపుటకు పూనుకొనిన నాటినుండి నీవు ఆ లోకములకు ధర్మకర్తవని యెంచుకొనుము. లోకములెన్ని, ఏది యెవరికి, ఎప్పుడు తెరువవలెను, ఎట్లు కాపాడవలెను అను ప్రశ్నలన్నింటికిని ఈ యొక్క భావమునుండియే సమాధానములు లభించును.

ఒక్క లోకము చాలదా యని మీ యింట ప్రశ్న వచ్చినదని వ్రాసితివి. అడుగదగిన ప్రశ్నయే. అనేకులు ఏకకాలమున ప్రవేశింపదగిన కల్పితలోకము నిన్నమొన్నటిది కాదు; 1978లోనే ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను విద్యార్థులు బొమ్మలు లేకుండ కేవలము అక్షరములతో మడ్ అను పేర అట్టి లోకము నొకదానిని నిర్మించిరి. ఆ అనుభవముతో బార్టిల్ 1996లో ప్రకటించిన వ్యాసమున ఇట్టి ఆటలలో చేరువారిని నాలుగు తెగలుగా విభజించెను: ఏదో యొకటి సాధింపవలెనని వచ్చువారు, వెదకి తెలిసికొనవలెనని వచ్చువారు, తోడివారితో ముచ్చటించుటకై వచ్చువారు, ఇతరులపై బడి బాధించి ఆనందించుటకై వచ్చువారు. మీ వీథి పిల్లలను ఒక్క సాయంకాలము గమనించినను ఈ నాలుగు తెగలవారును కనబడుదురు. పదమూడేండ్ల నీ కుమార్తె గుహల లోతులు చూడవలెనని తహతహలాడును. ఏడేండ్ల చిన్నవాడు పూలమొక్కల నడుమ ఇల్లు కట్టుచుండగా క్రీపరు అను రాక్షసి వెనుకనుండి వచ్చి పేలినచో గోడతోపాటు వాని ధైర్యమును కూలిపోవును. ఇరువురును ఒకే లోకమున నున్నచో అక్క ఆనందమునకైనను తమ్ముని నిద్రకైనను భంగము తప్పదు. కావున లోకముల సంఖ్యను యంత్రముయొక్క శక్తినిబట్టి గాక పిల్లల వయస్సును స్వభావమును బట్టి నిర్ణయింపుము.

నా యూహలో మీకు మూడు లోకములు చాలును. చిన్నవారికి రాక్షసులు లేని, సామగ్రికి కొదువలేని క్రియేటివ్ లోకమొకటి. పెద్దవారికి ఆకలి, చీకటి, అపాయము గల సర్వైవల్ లోకమొకటి. అందరును కలసి ఒక పని చేయుటకు ఉమ్మడి లోకమొకటి. పేపరు వంటి సర్వరు సాఫ్ట్‌వేరులో మల్టీవర్స్ అను ప్లగిన్ చేర్చినచో ఒక్క సర్వరులోనే పెక్కు లోకములు నడచుననియు, ఒక్క ఆజ్ఞతో దీనినుండి దానిలోనికి పోవచ్చుననియు నీవు విన్నది నిజమే. కాని ఏ లోకపు సంచి ఆ లోకమునకే యుండునట్లు దానికి వేరొక ప్లగిన్ తోడు చేయనిచో, క్రియేటివ్ లోకమున లెక్కలేక దొరకు వజ్రములను ఒక పిల్లవాడు సంచిలో వేసికొని సర్వైవల్ లోకమున దిగును. అక్కడ గనులు త్రవ్వి త్రవ్వి మూడు వజ్రములు సంపాదించిన బాలిక శ్రమ ఆ క్షణమున విలువలేనిదగును. ఒకరి కష్టమునకు విలువ నిలుచుటయే న్యాయము గనుక, లోకమునకొక సర్వరు చొప్పున వేరువేరుగా నడపుటయే మేలు.

అది కష్టమైన పనియు కాదు. మైన్‌క్రాఫ్ట్ జావా సర్వరు ఒక్కొక్కటి ఒక్క లోకమును, నెదర్, ఎండ్ అను దాని అనుబంధ లోకములతో కూడ తెరచును. ఒక్కొక్క సర్వరునకు ఒక్కొక్క ఫోల్డరు నిమ్ము. మొదటిదానికి 25565 అను వాడుక పోర్టును, రెండవదానికి 25566ను కేటాయింపుము; మూడవదగు ఉమ్మడి లోకము సంగతి తరువాత చెప్పెదను. నలుగురైదుగురు పిల్లలకు సర్వరొక్కింటికి రెండు గిగాబైట్ల జ్ఞాపకశక్తి సాధారణముగా సరిపోవును గనుక ఎనిమిది గిగాబైట్ల లాప్‌టాప్ ఈ భారమును మోయగలదు. ఈ యాటలో కాలము సెకనునకు 20 అడుగులు వేయును. ఎవరైన ఒకరు రెడ్‌స్టోన్ అను ఆటలోని సామగ్రితో పెద్ద యంత్రమును కట్టగా ఒక్కొక్క అడుగునకు 50 మిల్లీసెకన్లు చాలకపోయినచో ఆ లోకమున నున్నవారందరి కాలమును మందగించును. ఒక లోకపు గణన చాలవరకు ప్రాసెసరులోని ఒక్క కోరుమీదనే సాగును; సర్వరులు వేరైనచో కోరులును వేరగును గనుక అక్క యంత్రముయొక్క బరువు తమ్ముని తోటమీద పడదు. చూపుదూరమను అమరికను పదినుండి ఆరునకు తగ్గించినను పిల్లలకు లోటు తోపదు.

మన పులికాటు సరస్సు తీరమునకు తగిన జాగ్రత్తలు వేరుగా కలవు. ఈశాన్య ఋతుపవనముల కాలమున గాలివానకు కరెంటు పోవుట మన కలవాటు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నాడు మన ప్రాంతము పడిన అవస్థ నీకు తెలియనిది కాదు. సర్వరు కొన్ని నిమిషముల కొకసారి మాత్రమే లోకమును డిస్కుపై వ్రాయుచుండును గనుక హఠాత్తుగా ఆగినచో ఆ నడుమ జరిగిన పని నశించును. ఒక్కొక్కప్పుడు ఫైలే చెడును. అందుచేత బ్యాటరీ గట్టిగానున్న లాప్‌టాప్‌నే వాడుము. బ్యాటరీ సగమునకు దిగగానే స్టాప్ అను ఆజ్ఞతో సర్వరులు వాటంతట అవే మూతపడునట్లు ఏర్పాటు చేయుము. ఉప్పుగాలి ఫ్యానులో దుమ్మును ముద్దగా చేసి లోహమును తినును గనుక కిటికీ దరిని పెట్టక, నీరు వచ్చినను అందనంత ఎత్తున, గాలియాడు అలమారలో నుంచి, నెలకొకసారి బ్రష్షుతో తుడువుము.

ఇక నకళ్ళు. ధర్మకర్త చేయవలసిన పనులలో ఇంతకు మించినది లేదు. సర్వరు నడచుచుండగా ఫోల్డరును ఊరక కాపీ చేసినచో సగము వ్రాసిన ఫైలు నకలులో చేరును. మొదట సేవ్-ఆఫ్ ఆజ్ఞతో వ్రాతను నిలిపి, సేవ్-ఆల్ ఆజ్ఞతో అంతవరకున్నదంతయు డిస్కునకు దింపి, కాపీ ముగిసిన పిమ్మట సేవ్-ఆన్ అనుట మరువకుము. ప్రతి రాత్రి నకలు లాప్‌టాప్‌లోను, వారమున కొకటి వేరొక డ్రైవులోను, నెలకొకటి మీ యిల్లు దాటి మరియొక చోటను ఉండవలెను. ఆ నెలవారీ నకలును సూళ్ళూరుపేటకు పంపినచో నేను దాచెదను. ఆట క్రొత్త సంచిక వచ్చినదని పిల్లలు తొందరపెట్టినను ముందు నకలు తీయక మార్చకుము. క్రొత్త సంచికలో తెరచిన లోకము మరల పాతదానిలో సరిగా తెరచుకొనదు. దాచిన నకలును అప్పుడప్పుడు వేరొక ఫోల్డరున తెరచి చూడుము. తెరచి చూడని నకలును నమ్ముట ప్రమాదము.

వాకిలిని గూర్చి ఒక మాట. రౌటరులో పోర్టు తెరచి లోకమంతటికిని దారి చూపవలదు. ఆట ఇంటి వైఫై హద్దులలోనే సాగవలెను. వైట్‌లిస్టులో పేరున్న పిల్లలకే ప్రవేశమీయుము. జావా సంచికకు బిడ్డకొక ఖాతా చొప్పున కొనవలెను. దానిని తప్పించుకొనుటకు ఆన్‌లైన్ మోడును ఆర్పివేసి దొంగప్రతులు వాడుట పిల్లల యెదుట చేయదగిన పని కాదు. అయినను ప్రక్క వీథి జాలరి పిల్లలకు ఖాతా కొను స్తోమత యుండదు. వారి చేతనున్నది తండ్రి ఆండ్రాయిడ్ ఫోనొక్కటియే. వారిని గుమ్మము బయట నిలుపకుము. ఫిన్లండు దేశీయుడగు పెర్టు అహోలా 2010లో మైన్‌టెస్ట్ అను పేర ఆరంభింపగా 2024లో లువాంటీ అని పేరు మార్చుకొనిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరొకటి కలదు. అది ఉచితము, ఫోనులోను నడచును. దానిలో వోక్సెలిబ్రే అను ఆట మైన్‌క్రాఫ్టునే పోలియుండును. ఉమ్మడి లోకమును దానితో 30000 అను పోర్టుమీద నెలకొల్పి, ప్రతి బిడ్డకును వేరు పేరును వేరు రహస్యపదమును ఇమ్ము.

ఆట వేళలకు, తగవులకు మన సరస్సే ఒక పాఠము చెప్పుచున్నది. పులికాటు దక్షిణతీరమున తమిళ జాలరి గ్రామములలో పాడు అను కట్టుబాటు కలదు: రొయ్యలు దండిగా పడు చోట్లు ఏ యొకరి సొత్తును గాకుండ, హక్కుగలవారందరు కూడి చీటీలు వేసి, ఏ చోటు ఎవరి వంతో ఏ నాడో నిర్ణయించుకొందురు. మీ పిల్లలును అట్లే వంతులను చీటీలతో తామే నిర్ణయించుకొననిమ్ము. ఒకరి గోడను మరియొకరు కూల్చినచో నిర్వాహకుని అధికారముతో దానిని క్షణములో తిరిగి నిలుపుటకు తొందరపడకుము. కూల్చినవాడు కట్టినవానితో కలసి తిరిగి కట్టవలెనను నియమము వారిచేతనే చేయింపుము. ఆ యధికారమును ఏ బిడ్డకును ఈయకుము. నీవును ఆడునపుడు దానిని విడిచి, వారివలె చెక్కగొడ్డలితోనే మొదలుపెట్టుము.

ఉమ్మడి లోకమున ఏమి కట్టవలెనందువా? మన పులికాటునే కట్టింపుము. బ్రిటన్ సర్వే సంస్థ 2013లోను డెన్మార్కు ప్రభుత్వ సంస్థ 2014లోను తమ దేశముల నైసర్గిక స్వరూపమును మైన్‌క్రాఫ్టులో దించినవి; 2012 నుండి ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ ఆ యాట నిర్మాతలగు మోజాంగ్ వారితో కూడి, బస్తీల ప్రజలు తమ మైదానములను తామే ఆటలో రూపొందించుకొనునట్లు చేసినది. దిమ్మె యొక్కింటికి ఒక మీటరు లెక్కించినచో సుమారు అరువది కిలోమీటర్ల సరస్సు పిల్లలకు మిక్కిలి పెద్దదగును. భీములవారిపాళెము పడవలరేవు చాలును. నీటి లోతెంత యని వారు నిన్నడుగుదురు. రేవునకు తీసికొనిపోయి గడకఱ్ఱతో కొలిపింపుము. పెక్కుచోట్ల దిమ్మె యొకటి రెండింటికి మించదని తెలియగానే, రాజహంసలు ఈ సరస్సునే యేల కోరి వచ్చునో, పూడిక పడి ముఖద్వారము మూసికొనినచో జాలరులేల భయపడుదురో ఎవరును బోధింపకయే వారికి బోధపడును. నేలపట్టు చెరువులో నీట నిలిచిన చెట్లపై గూడబాతుల గూళ్ళు, తూర్పున 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహమును కక్ష్యకు చేర్చిన శ్రీహరికోట దీవి తరువాతి సంవత్సరములకు పని కల్పించును.

పిల్లలు పెరుగుదురు. ఒకనాడు పెద్దది చదువుకై మరియొక ఊరికి పోవును. తరువాత చిన్నవాడును పోవును. ఆనాడు వారి లోకముల ఫోల్డరులను, వాటిని తెరచు విధానమును కాగితముపై వ్రాసి, నకళ్ళతో సహా వారి చేత పెట్టుము. కాపాడినదానిని సొంతదారునకు చెక్కుచెదరక అప్పగించుటతోనే ధర్మకర్త పని పూర్తియగును. నీవు ఈనాడు చేయు ప్రతి యేర్పాటును ఆ దినమును తలచుకొని చేయుము. సందేహము వచ్చినచో వెంటనే వ్రాయుము; ఆదివారమున పిల్లలతో రమ్ము, లాప్‌టాప్‌ను వెంట తెమ్ము, మొదటి సర్వరును కలసి నిలుపుదము.

ఇట్లు,
మీ క్షేమమును కోరు
మామయ్య