పండుగప్ప వేట – సంరక్షణ నియమాలు : ఒక పరిశీలన

సముద్రానికి ఎంతో దూరాన గల శంషాబాదు ప్రాంత విద్యార్థులకు తీరప్రాంతపు చేపను గురించిన పాఠమెందుకని ఎవరైనా ప్రశ్నింపవచ్చును. మనమెరిగిన జలాశయం 1927లో ఈసీ నదిపై పూర్తయిన హిమాయత్‌సాగర్. మన విందులలో పేరుపొందిన చేప కొరమీను. అయినను తీరాన పట్టిన మేలిరకపు చేపలకు గిరాకీ పుట్టునది నగరాలలోనే. 2008లో విమానాశ్రయం వెలసిన ఊరివారికి నగర హోటళ్ల గిరాకీ ఎట్టిదో తెలియనిది కాదు. చేపల వేటను శాసించే వారు ముగ్గురు: పట్టే మత్స్యకారుడు, నియమాలు చేసే ప్రభుత్వం, కొనే మనిషి. ఈ మూడవ మనిషి మనమే. కావున ఈ పాఠం మనకును అవసరమైనదే.

జీవితచక్రం

పండుగప్ప శాస్త్రీయ నామం లేటస్ కాల్కారిఫర్. దీనిని బెంగాలీలు భెట్కీ అనియు, ఆస్ట్రేలియా వారు బారముండి అనియు పిలుస్తారు. ఉప్పునీటిలోను, మంచినీటిలోను జీవించగల విశేషశక్తి దీనికున్నది. తల్లిచేపలు ముఖ్యంగా వర్షకాలపు దినాలలో నదీముఖాల వద్ద ఉప్పునీటిలో గుడ్లు విడుస్తాయి. పిల్లలు పోటునీటితో మడ అడవుల నడుమనున్న కాలువలలోనికి, ఉప్పుటేళ్లలోనికి చేరి అక్కడ పెరుగుతాయి. కాకినాడ సమీపాన 1978లో అభయారణ్యంగా ప్రకటింపబడిన కోరింగ మడ అడవులు, కొల్లేటిని బంగాళాఖాతంతో కలిపే ఉప్పుటేరు, పులికాట్ సరస్సు ఇట్టి పెంపుడు నెలవులే. పెరిగిన చేపలు సంతానోత్పత్తికై తిరిగి నదీముఖాలకు దిగివస్తాయి. కనుక వచ్చే దారి, పోయే దారి రెండును తెరచి ఉండుట ఈ జాతికి ప్రాణావసరం.

విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకొనవలసిన విషయం మరొకటి కలదు. పండుగప్ప సాధారణంగా మొదట మగచేపగా ఎదిగి, తరువాత ఆడచేపగా మారుతుంది. పాపువా న్యూగినీ చేపలపై 1979లో వెలువడిన పరిశోధన ఈ మార్పును స్పష్టంగా నిరూపించినది. ప్రాంతాన్ని బట్టి కొంత భేదమున్నను, మూడు నాలుగు సంవత్సరాల వయసున మగచేపగా పరిపక్వమై, ఆరు నుండి ఎనిమిది సంవత్సరాల నడుమ, దాదాపు ఒక మీటరు పొడవుకు చేరువగునప్పుడు, ఆడచేపగా మారుతుందని చెప్పవచ్చును. మిక్కిలి పెద్ద తల్లిచేప ఒక్కటే కోట్ల సంఖ్యలో గుడ్లు విడువగలదు.

దీనినుండి తేలే ఫలితమేమి? చిన్న చేపలన్నిటిని పట్టివేస్తే రేపు తల్లులు కావలసినవి ఉండవు. పెద్ద చేపలన్నిటిని పట్టివేస్తే నేటి తల్లులు ఉండవు. ఇతర చేపల విషయంలో “చిన్నవాటిని వదలుము, పెద్దవాటిని పట్టుము” అనే సూత్రం కొంతవరకు చాలును. పండుగప్ప విషయంలో ఆ సూత్రం సగం సత్యమే. అంగడిలో అందరి కన్ను పడే పెద్ద చేప చాలావరకు తల్లిచేపయే!

మన తీరంలోని నియమాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సముద్రపు వేట నియంత్రణకై 1994లో ప్రత్యేక చట్టం వచ్చినది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినాలు, మరపడవల వేట నిషేధం. 2015కు ముందు ఇది 47 దినాలే. ఈ కాలంలో ఆదాయం కోల్పోయే కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10,000 రూపాయలు కాగా, 2025లో 20,000 రూపాయలకు పెరిగినది. పస్తులున్న ఇంట ఏ నియమమూ నిలువదు గనుక ఈ సాయం సంరక్షణలో భాగమేనని గ్రహింపవలెను.

అయితే ఇది ప్రధానంగా కాలానికి సంబంధించిన నియమమే గాని చేప పరిమాణానికి సంబంధించినది కాదు. అనేక జాతులను దృష్టిలో ఉంచుకొని చేసిన ఈ విరామం ముగిసిన తరువాతనే, వర్షాలతోపాటు, పండుగప్పలు నదీముఖాలకు చేరే ముఖ్యకాలం వస్తుంది. అంతేగాక ఈ జాతి బాల్యం గడిచేది సముద్రంలో కాదు, ఉప్పుటేళ్లలో. సముద్రానికి వేసిన తలుపు ఏటికి తాళం కాజాలదు.

ఇతరుల అనుభవం

మన దేశంలోనే కేరళ 2015లో పదునాలుగు జాతులకు పట్టదగిన కనీస పరిమాణాన్ని నిర్ణయించినది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం పండుగప్ప విషయంలో మరొక అడుగు ముందుకు వేసినది. అక్కడ 58 సెంటీమీటర్లకు తక్కువైన చేపను గాని, 120 సెంటీమీటర్లకు మించిన చేపను గాని పట్టి ఉంచుకొనరాదు. క్రింది హద్దు పిల్లలను, పై హద్దు తల్లులను కాపాడుతుంది.

ఆ దేశంలో ఈ చేపను జీవనానికై వలతో పట్టేవారును, వినోదానికై గాలంతో పట్టేవారును ఉన్నారు. వీరి నడుమ వివాదం సహజమే. 2015లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం మూడు ప్రాంతాలలో వ్యాపారపు వలలను నిషేధించగా గాలగాండ్రు సంతోషించిరి. వలనే నమ్ముకొన్నవారు తమ నెలవులను కోల్పోయిరి. మన తీరానికి ఇందులో ఒక హెచ్చరిక కలదు. గాలపు వేట మనకు క్రొత్త కాదు. మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెచ్. ఎస్. థామస్ 1873లోనే భారతదేశపు గాలపు వేటపై ఒక గ్రంథం ప్రకటించెను. నేడు ఆ వినోదం పెరుగుతున్నది. కాని వినోదానికి చోటు కల్పించుటకై కూటికి చోటు తీసివేయుట న్యాయం కాదు. హద్దులు ఇరువురికి ఒక్కటే కావలెను. త్యాగంలో పెద్దభాగం మాత్రం వినోదించేవారిదే కావలెను.

చేయదగిన పనులు

మొదటిది వల కన్ను. చేప మొప్పల వద్ద చిక్కుకొనే వలలో కన్ను కన్న మరీ చిన్న చేప దూరిపోతుంది. మరీ పెద్ద చేప తల పట్టక తప్పించుకొంటుంది. తగిన కన్నును నిర్ణయించినచో వలయే రెండు హద్దులను కొంతవరకు పాటిస్తుంది. ఏటిగట్టున కొలబద్దతో అధికారి నిలువనక్కరలేదు. రెండవది గాలగాని క్రమశిక్షణ. ముల్లు నొక్కివేసిన గాలం, తడిచేతులతో పట్టుట, త్వరగా నీటిలో విడుచుట – ఈ మూడు పాటిస్తే వదలిన చేప బ్రతికే అవకాశం హెచ్చు.

మూడవది పెంపకం. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 1997లో పండుగప్పను బంధనంలో గుడ్లు పెట్టించుటలో సఫలమైనది. అప్పటినుండి హేచరీ పిల్లలతో చెరువులలో పెంచుట సాధ్యమైనది. ఒకటి రెండు కిలోల చెరువు చేపను మనం కొన్నంత మేరకు ఏటి చేపపై ఒత్తిడి తగ్గుతుంది.

ముగింపు

వలీమా విందులో గాని, పెండ్లి భోజనంలో గాని నిలువెత్తు చేపను వడ్డించుట గొప్పగా భావించుట కలదు. ఆ చేప ఆరేడు సంవత్సరాలు వలలను తప్పించుకొని తల్లియై ఉండవచ్చునని ఇకనైనా తలచుదము. అంగడిలో “ఇది చెరువుదా, ఏటిదా?” అని అడుగుటకు ఖర్చేమియు లేదు. పదిమంది అడిగిన ప్రశ్నకు వర్తకుడు సమాధానం సిద్ధపరచుకొంటాడు. వర్తకుడు అడిగినది మత్స్యకారుడు తెచ్చి ఇస్తాడు. సముద్రాన్ని చూడని విద్యార్థి సైతం సముద్రానికి చేయగల సేవ ఇది.