పీసీ నిండా అక్కర్లేని యాప్స్, యాడ్సా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి ట్రై చేయండి

బ్రౌజర్ ఓపెన్ చేస్తే హోమ్ పేజీ మారిపోయి ఉంటుంది. కుడి వైపు కింద మూలన "మీ పీసీలో వైరస్ ఉంది" అని పాప్అప్‌లు వస్తూనే ఉంటాయి. మీరు వేసుకోని 'పీసీ క్లీనర్' ఏదో డబ్బులు కట్టమంటుంది. షాపుకి తీసుకెళ్తే చాలాసార్లు వినిపించే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్!"

తొందరపడకండి. "సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, మిగతావి అలాగే ఉంటాయి" అంటారు కానీ, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మామూలుగా ఉండేది సి డ్రైవ్‌లోనే. పిల్లల ఫొటోలు డెస్క్‌టాప్ మీద ఉంటే అవీ పోతాయి. అందుకే ముందుగా ఫొటోలు, డాక్యుమెంట్లు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని పీసీ నుంచి తీసేయండి. సెటప్ ఫైల్స్ మాత్రం కాపీ చేయొద్దు. ఇక చిన్న పని నుంచి పెద్ద పనికి వరుసగా వెళ్దాం.

1. నోటిఫికేషన్లు ఆపండి
మూలన వచ్చే ఆ పాప్అప్‌లు చాలాసార్లు వైరస్ కాదు. ఏదో సైట్‌లో 'అలౌ' నొక్కి ఉంటాం, అంతే. క్రోమ్‌లో సెట్టింగ్స్ > ప్రైవసీ అండ్ సెక్యూరిటీ > సైట్ సెట్టింగ్స్ > నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి, తెలియని సైట్లన్నీ తీసేయండి.

2. అన్‌ఇన్‌స్టాల్ చేయండి
విండోస్ 11లో సెట్టింగ్స్ > యాప్స్ > ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి, లిస్టును తేదీ ప్రకారం పెట్టండి. గొడవ మొదలైన రోజుల్లో వచ్చిన యాప్స్ పైనే కనిపిస్తాయి. మీరు వేయనివి తీసేయండి. పేరు అర్థం కాకపోతే ముందు గూగుల్‌లో వెతకండి, ఎందుకంటే డ్రైవర్లు కూడా అదే లిస్టులో ఉంటాయి. బ్రౌజర్‌లో తెలియని ఎక్స్‌టెన్షన్లూ తొలగించండి. హోమ్ పేజీ ఇంకా మారుతుంటే క్రోమ్‌లో 'రీసెట్ సెట్టింగ్స్' వాడండి. బుక్‌మార్క్‌లు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు పోవు.

3. స్కాన్ చేయండి
విండోస్ సెక్యూరిటీలో 'స్కాన్ ఆప్షన్స్' కింద ఫుల్ స్కాన్ పెట్టండి. తర్వాత అక్కడే ఉండే ఆఫ్‌లైన్ స్కాన్ కూడా చేయండి. ఇది పీసీని రీస్టార్ట్ చేసి, విండోస్ మొదలవక ముందే వెతుకుతుంది. కాబట్టి దాక్కున్నవి కూడా దొరికే అవకాశం ఎక్కువ. రెండో అభిప్రాయం కావాలంటే మాల్‌వేర్‌బైట్స్ ఫ్రీ వెర్షన్ స్కానింగ్‌కి, క్లీనింగ్‌కి సరిపోతుంది. ఏదైనా కంపెనీ సొంత సైట్ నుంచే డౌన్‌లోడ్ చేయండి.

4. రీసెట్ చేయండి
స్కాన్ తర్వాతా అదే గోలా? సెట్టింగ్స్ > సిస్టమ్ > రికవరీ > రీసెట్ దిస్ పీసీ. 'కీప్ మై ఫైల్స్' ఎంచుకుంటే మీ ఫైల్స్ ఉంటాయి, మీరు వేసుకున్న యాప్స్ మాత్రం పోతాయి.

5. ఫ్రెష్‌గా విండోస్ వేయండి
వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసి, దాని నుంచి విండోస్ వేయాలి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి చెరిగిపోతాయి, ఖాళీది తీసుకోండి.

నేరుగా 5కి ఎప్పుడు వెళ్లాలి?
స్కాన్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలించే ట్రోజన్ దొరికినా, తీసేసింది మళ్లీ మళ్లీ వస్తున్నా, డిఫెండర్ ఆన్ కాకపోయినా, తెలియని వాళ్లకి రిమోట్ యాక్సెస్ ఇచ్చినా మిగతావి నమ్మొద్దు. బ్యాకప్ తీసి క్లీన్ ఇన్‌స్టాల్ చేయడమే మేలు.

పాస్‌వర్డ్‌లు మర్చిపోవద్దు
పీసీ బాగైనా, అప్పటికే బయటికి పోయిన పాస్‌వర్డ్ వెనక్కి రాదు. మెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు మీ ఫోన్ నుంచి మార్చండి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. స్క్రీన్ మీద "ఈ నంబర్‌కి కాల్ చేయండి" అని వస్తే అది మోసమే. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఇవ్వదు. డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.

చివరగా ఒక మాట. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ మళ్లీ వేస్తే ఈ కథంతా మళ్లీ మొదటికొస్తుంది. చాలా పీసీలు 3వ మెట్టులోపే బాగవుతాయి. షాపుకి వెళ్లాల్సి వచ్చినా, బ్యాకప్ మీ చేతిలో పెట్టుకునే వెళ్లండి.