వయోజనులకు గణితబోధన: చేతిలెక్క నుండి పలకలెక్కకు

అక్షరము రానివారికి లెక్క కూడ రాదనుకొనుట విద్యావంతులలో పాతుకొనిపోయిన భ్రమ. సారంగాపూర్ మొదలు కోరుట్ల, సిరిసిల్లల వరకు గల పల్లెలలో బీడీలు చుట్టే స్త్రీని, తునికాకు కోసే కూలీని, సంతలో కూరగాయలమ్మే ముసలమ్మను చూచినవారు ఈ మాట అనజాలరు. వీరికి లోపించినది గణనశక్తి కాదు. ఆ గణనను వ్రాయుట, ఇతరులు వ్రాసిన దానిని సరిచూచుట మాత్రమే. వయోజన కేంద్రంలో గణితం చెప్పబోవు వారు ముందుగా ఈ తేడాను గుర్తింపవలెను.

జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 1978 అక్టోబరు 2న ప్రారంభమైనది. 15 నుండి 35 ఏండ్ల వయస్సు గల పది కోట్ల మందిని అక్షరాస్యులను చేయుట దాని లక్ష్యం. ఆ సంవత్సరమే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో రైతుకూలీలు పెద్దయెత్తున కదలినారు. వెట్టి రద్దు, కూలిరేట్ల పెంపు వారి కోర్కెలలో ముఖ్యమైనవి. పలక పట్టని చేతులు కూడ కూలిలెక్క అడుగగలవని దీనినిబట్టి తెలియుచున్నది. తరువాత 1988లో జాతీయ సాక్షరతా మిషన్, 2009లో సాక్షర భారత్ వచ్చినవి. నూరు వరకు అంకెలు, చిన్న కూడికలు తీసివేతలు, గుణకార భాగహారాలు, తూనికలు, కొలతలు, డబ్బు, వడ్డీ, ఇవి మిషన్ నిర్ణయించిన గణితాంశాలు. అంశాలలో లోపం లేదు. చిక్కంతయు చెప్పు పద్ధతిలోనే.

పిల్లల వాచకంలో రాముని వద్ద ఐదు మామిడిపండ్లుండును, రెండు తినును. నలుబది యేండ్ల తల్లికి ఈ లెక్క చెప్పినచో ఆమె నవ్వును, లేదా మరునాడు కేంద్రానికి రాదు. ఆమెకు ఆమె లెక్కయే చెప్పవలెను.

బీడీ పనిలో ఇరువది ఐదు బీడీలు ఒక కట్ట, నలుబది కట్టలు వెయ్యి. కూలి వెయ్యికి ఇంత అని ఉండును. తునికాకులోనైతే ఏబది ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా, అనగా ఏబది వేల ఆకులు. కట్ట అను మాట ఒకటే, అందలి సంఖ్యలు రెండు. గుణకారమనగానేమో చెప్పుటకు ఇంతకన్న మంచి ఉదాహరణ ఏ పుస్తకములోను దొరకదు. ఇరువది ఐదేసి చొప్పున నాలుగు కట్టలు పేర్చిన నూరగును. అచ్చటనే పావు, అర, ముప్పావు కూడ చెప్పవచ్చును. పావలా నాణెం 2011 జూన్ 30తో చెలామణి నుండి తొలగినను, ఆ మాట పెద్దల నోట మిగిలియేయున్నది. రూపాయికి నూరు పైసలన్న దశాంశ పద్ధతి 1957 ఏప్రిల్ 1న వచ్చినది. అంతకు ముందరి పదునారు అణాల రూపాయి నుండి వచ్చిన చారాణా, బారాణా అను మాటలు కూడ భిన్నములే. కొత్త పారిభాషిక పదం నేర్పుటకు ముందు ఈ పాత మాటలను వాడుకొనుట తెలివైన పని.

తీసివేతలో మరియొక చిక్కు. సంతలో అరువది మూడు రూపాయల సరుకుకు నూరు నోటిచ్చినచో అమ్మునామె అరువది మూడునుండి డెబ్బదికి ఏడు, డెబ్బదినుండి నూరుకు ముప్పది, మొత్తం ముప్పది ఏడు అని చిల్లర లెక్కించును. మనము పలకమీద సున్నా క్రింద మూడు వ్రాసి, పక్క స్థానమునుండి అప్పు తెమ్మందుము. ఆమె తెల్లబోవును. బ్రెజిల్ దేశంలోని రెసీఫే నగరమున వీధులలో సరుకులమ్ము ఐదుగురు పిల్లలపై జరిగిన పరిశీలన 1985లో ప్రచురితమైనది. అమ్మకమునందు నూటికి తొంబది ఎనిమిది వంతులు సరిగా చెప్పిన ఆ పిల్లలే, అవే లెక్కలను కాగితముపై ఉత్త అంకెలుగా ఇచ్చినపుడు నూటికి ముప్పది ఏడు వంతులే సరిగా చేసిరి. కనుక ముందు ఆమె పద్ధతినే పలకమీద వ్రాయించవలెను. అప్పు తెచ్చు పద్ధతి తరువాత, అవసరమైనచో.

ఉర్దూ, తెలుగు అభ్యాసకులు కలిసి కూర్చున్న కేంద్రములో ఉపాధ్యాయుడు మరికొంత జాగరూకుడై యుండవలెను. తెలుగులో ఇరువది తొమ్మిది అనగా ఇరువదియు తొమ్మిదియు. స్థానవిలువ మాటలోనే యున్నది. ఉర్దూలో అది ఉంతీస్, అనగా ముప్పదికి ఒకటి తక్కువ. తీస్ అను ధ్వని విని మూడుతో మొదలిడి 39 వ్రాయు ప్రమాదమున్నది. ఉంతాలీస్, ఉంచాస్ కూడ ఇట్టివే. నవాసీ, నిన్యానవేలకు వచ్చుసరికి ఆ సూత్రము కూడ నిలువదు. పైగా ఉర్దూ లిపి కుడినుండి ఎడమకు సాగును, అంకెలు మాత్రము ఎడమనుండి కుడికే. ఈ రెండు సంగతులు ముందే చెప్పినచో సగము తికమక తగ్గును. చెప్పకపోయినచో అభ్యాసకురాలు తనకే బుద్ధి లేదనుకొనును.

ఇక వడ్డీ. ఈ పాఠమునకు మిగిలిన వాటికన్న ఎక్కువ దినములు కేటాయింపవలెనని నా అభిప్రాయం. ఊరిలో వడ్డీ నెలకు చెప్పుదురు, బ్యాంకులో సంవత్సరమునకు చెప్పుదురు. నూటికి రెండు రూపాయలు అన్న మాట పండ్రెండు శాతము కన్న చిన్నదిగా వినబడును. ఐదు వేల రూపాయల అప్పుకు మొదటిది నెలకు నూరు, ఏడాదికి పండ్రెండు వందలు. రెండవది అసలు ఏడాది పొడవునా అట్లే ఉన్నను ఆరు వందలే. అనగా నూటికి రెండు ఏడాదికి ఇరువది నాలుగు శాతము. పొదుపు సంఘాలలోని స్త్రీలకు ఈ ఒక్క లెక్క పలకమీద కనబడుట ఎంతో అవసరము.

వారపు వడ్డీ మరింత లోతైన గుంట. వెయ్యి వ్రాయించుకొని తొమ్మిది వందలు చేతిలో పెట్టి, పది వారాలు వారమునకు నూరు చొప్పున వసూలు చేయుదురనుకొందము. నూరేగదా పోయినది అని తీసుకొన్నవారి సమాధానము. కాని తొమ్మిది వందలు పది వారాలూ ఆమె వద్ద ఉండవు. మొదటి వారమే నూరు తిరిగి పోవును, ఐదవ వారము దాటుసరికి సుమారు సగము పోవును. సరిగా లెక్కించినచో వారమునకు నూటికి ఇంచుమించు రెండు రూపాయలు, ఏడాదికి నూటికి నూరు. బీజగణితము అక్కరలేదు. పది అగ్గిపుల్లలు పరచి, వారమునకొకటి తీయుచు, ఆమె వద్ద మిగిలినవి లెక్కింపుమనిన చాలును. ఆ పుల్లలను ఆమెయే తీయవలెను, ఉపాధ్యాయుడు తీయరాదు.