మైదానంలో ఆగిన గుండె – మరల ఆడిన ఆటగాడు



గుండెను గురించిన వ్యాసమనగానే తెల్లమద్ది బెరడుతోనో, వెల్లుల్లి పాలతోనో ప్రారంభించుట మనకు పరిపాటి. ఈ పాఠాన్ని మాత్రం నేను ఒక ఫుట్‌బాల్ మైదానంతో ప్రారంభిస్తున్నాను. ఏ ఔషధమూ పనిచేయని పది నిమిషాలు మనిషి జీవితంలో ఉన్నవి. ఔషధాలను నమ్మిన మనమే ఆ సంగతిని అందరికంటె ముందుగా తెలిసికొనవలెను.

అది 2021 జూన్ 12. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లోని పార్కెన్ క్రీడాప్రాంగణంలో, ఐరోపా ఫుట్‌బాల్ పోటీలలో భాగంగా డెన్మార్కు, ఫిన్లాండు జట్లు ఆడుతున్నవి. మొదటి అర్ధభాగం ముగియవచ్చినది. 29 ఏళ్ళ క్రిస్టియన్ ఎరిక్సన్, ఎవరూ తాకకుండానే, ముందుకు తూలి నేలకొరిగినాడు. డెన్మార్కు జట్టు నాయకుడు సైమన్ కేర్ పరుగున చేరినాడు. సహచరులు చుట్టూ నిలిచి కన్నీళ్ళతో తెర కట్టినారు. వైద్యులు ఛాతీని నొక్కుతూ, డీఫిబ్రిలేటరు యంత్రంతో ఒక్కసారి విద్యుదాఘాతమిచ్చినారు. ఆగిన గుండె తిరిగి కొట్టుకొన్నది. ఆటగాడు స్పృహతోనే ఆసుపత్రికి చేరినాడు.

ఆ రోజు అతనికి ప్రాణం పోసినవి రెండే: మనిషి చేతులు, విద్యుత్ యంత్రం. ఆ రెండూ అందుబాటులో ఉండుట ఒక్కటే అదృష్టం, తక్కినదంతా అభ్యాసం.

ఇది గుండెపోటు కాదు

ఈ రెంటికీ గల భేదం మొదట గ్రహించవలెను. గుండెపోటులో గుండెకు రక్తాన్నందించే నాళం పూడిపోతుంది. రోగి నొప్పితో బాధపడతాడు, చెమటలు పోస్తాయి, కాని తరచుగా మాట్లాడుతూనే ఉంటాడు. హఠాత్తుగా గుండె ఆగిపోవుట వేరు. దీనిని కార్డియాక్ అరెస్ట్ అంటారు. ఇందులో గుండె కొట్టుకొనుటకు కారణమైన విద్యుత్ ప్రవాహం లయ తప్పుతుంది. కింది గదులు ముడుచుకొనుటకు బదులు వణకుతాయి. రక్తం ముందుకు సాగదు. కొద్ది క్షణాలలో స్పృహ పోతుంది. మెదడుకు రక్తమందక నాలుగైదు నిమిషాలు గడచినచో అక్కడ శాశ్వత నష్టం ఆరంభమవుతుంది. గుండెపోటు కూడా ఒక్కొక్కప్పుడు ఈ స్థితికి దారితీయవచ్చును. కాని యౌవనంలో ఉన్న క్రీడాకారులలో పుట్టుకతో వచ్చిన కండర దోషం, విద్యుత్ దోషం, గుండె కండరపు వాపు మొదలైన కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి.

హృదయ మర్మం

గుండెకు ఏ దోషమూ లేనివానికి కూడా ఇట్లు సంభవించవచ్చునా? సంభవించవచ్చును. 2023 జనవరి 2న అమెరికాలోని సిన్సినాటి నగరంలో డామర్ హామ్లిన్ అను 24 ఏళ్ళ యువకుడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ ప్రత్యర్థిని అడ్డుకొన్నాడు. ఛాతీకి బలమైన దెబ్బ తగిలినది. లేచి నిలబడి, రెండడుగులు వేసి, వెల్లకిలా పడిపోయినాడు. జట్టు సహాయ శిక్షకుడు డెన్నీ కెలింగ్టన్ వెంటనే ఛాతీని నొక్కుట ప్రారంభించినాడు. హామ్లిన్ బ్రతికినాడు. అతనికి జరిగినది కమోషియో కార్డిస్ అని తరువాత వైద్యులు నిర్ణయించినారు. గుండె ఒక స్పందన ముగించి మరొక స్పందనకు సిద్ధమయ్యే సమయంలో, సెకనులో కొన్ని వందవ వంతుల వ్యవధిలో, ఛాతీపై సరిగా గుండె ఉన్న చోట దెబ్బ తగిలినప్పుడు మాత్రమే ఇది సంభవిస్తుంది. ఎముక విరగకపోవచ్చును, గుండెకు గాయమే కాకపోవచ్చును, అయినా లయ చెడుతుంది.

ఈ వార్త చదివినప్పుడు నాకు సుశ్రుతుడు గుర్తుకు వచ్చినాడు. ఆయన శారీర స్థానంలో 107 మర్మాలను వివరించినాడు. రెండు స్తనముల నడుమనున్న హృదయాన్ని సద్యఃప్రాణహర మర్మాలలో చేర్చినాడు. అనగా దెబ్బ తగిలినచో త్వరగా ప్రాణం తీసే స్థానమని అర్థం. చరకుడు కూడా మర్మాలన్నింటిలో శిరస్సు, హృదయం, వస్తి అను మూటిని ప్రధానమైనవిగా ఎంచినాడు. విద్యుత్ లయను గురించి వారికి తెలిసినదని నేను వాదించుట లేదు. ఎక్కడ తగిలితే మనిషి కూలుతాడో వారు శ్రద్ధగా గమనించి వ్రాసినారు. ఆ గమనిక సత్యం. కాని అట్లు కూలినవానిని ఆ క్షణంలో లేపుటకు మనకున్న ఏ లేహ్యమూ, ఏ భస్మమూ చాలదు.

నేను చేసిన పొరపాటు

ఇది నేను సులభంగా వ్రాయుట లేదు. చాలా ఏండ్ల క్రిందట, సంక్రాంతి పండుగ నాడు మా ప్రాంతపు గ్రామమొకదానిలో కబడ్డీ పోటీలకు నన్ను అతిథిగా పిలిచినారు. కూతకు వెళ్ళిన పందొమ్మిదేండ్ల కుర్రవాడు గీత దాటకుండానే మోకాళ్ళపై కూలినాడు. చేతులు కొద్దిగా కొట్టుకొన్నవి. “మూర్ఛ, మూర్ఛ” అన్నారు. ఒకరు తాళపు చెవులు చేతిలో పెట్టినారు. ఒకరు ఉల్లిపాయ చితిపి ముక్కు దగ్గర ఉంచినారు. ఒకరు నోటిలో సోడా పోయబోయినారు. “దారివ్వండి, వైద్యులుగారు వస్తున్నారు” అని నన్ను ముందుకు నడిపించినారు.

నేనేమి చేసినాను? మణికట్టు పట్టుకొని నాడి చూచినాను. వాత నాడియా, పిత్త నాడియా అని వ్రేళ్ళ కింద వెతికినాను. నాడి దొరకలేదు. రెండవ చేయి చూచినాను. అప్పుడప్పుడు అతడు గురకవలె ఒక ఎగశ్వాస తీసినాడు. ఊపిరి ఉన్నదని ధైర్యం చెప్పినాను. ఆటో వచ్చుటకు పదిహేను నిమిషాలు పట్టినది. దారిలోనే అంతా ముగిసినది.

ఆ తండ్రి నన్నొక్క మాట అనలేదు. “మీరంతటివారు పక్కనే ఉన్నారు, ఇంకేమి చేయగలమండీ” అని నాకే నమస్కారం పెట్టినాడు. ఆ నమస్కారం నేటికీ నన్ను వదలలేదు. కోపెన్‌హాగెన్ దృశ్యం చూచిన తరువాతనే, నా వయస్సులో సగం లేని ఒక నర్సు దగ్గర, ప్లాస్టిక్ బొమ్మపై సి.పి.ఆర్. నేర్చుకొన్నాను. ఆ కుర్రవాడు తీసినది ఊపిరి కాదనియు, గుండె ఆగినవారిలో కనిపించే అంత్య శ్వాస అనియు అప్పుడు తెలిసినది.

కూలినవానికి చేయవలసిన సాయం

1. భుజములు తట్టి పిలువవలెను. పలుకక, సహజంగా ఊపిరి తీయక పోయినచో గుండె ఆగినదనియే భావించవలెను. ఎగశ్వాస ఊపిరి కాదు. చేతులు కొట్టుకొన్నంత మాత్రాన మూర్ఛ కాదు. నాడి వెతుకుతూ కాలం గడపరాదు.

2. ఒకరిని 108కి ఫోను చేయుమని, మరొకరిని డీఫిబ్రిలేటరు ఉన్నచో తెమ్మని, వేలు చూపి చెప్పవలెను. “ఎవరైనా చేయండి” అన్నచో ఎవరూ చేయరు.

3. గట్టి నేలపై వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక దిగువ సగంపై అరచేతి మడమ నుంచి, దానిపై రెండవ చేయి వేసి, మోచేతులు వంచక నొక్కవలెను. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గరాదు, 6 సెంటీమీటర్లకు మించరాదు. నిమిషానికి 100 నుండి 120 సార్లు. ప్రతిసారి ఛాతీ పూర్తిగా పైకి లేవనీయవలెను. శిక్షణ లేనివారు నోటితో ఊపిరి ఇవ్వకున్నను నొక్కుట మాత్రం మానరాదు. అలసినచో మరొకరు అందుకొనవలెను.

4. యంత్రం వచ్చినచో దానిని తెరచి, అది చెప్పినట్లు చేయవలెను. లయ చూచి, అవసరమైనప్పుడే అది విద్యుత్తు ఇస్తుంది.

5. నోటిలో నీరు, సోడా, కషాయం, తేనె ఏదియూ పోయరాదు.

ఏ సాయమూ అందనప్పుడు ప్రతి నిమిషానికి బ్రతికే అవకాశం నూటికి 7 నుండి 10 వంతుల చొప్పున తగ్గిపోతుంది. ఆనాడు నేను పోగొట్టిన నిమిషాలు ఎన్నో మీరే లెక్కించుకొనవచ్చును.

ఆటకు కూడా సంసర్జన క్రమం

ప్రాణం నిలిచినంతనే ఆరోగ్యం వచ్చినట్లు కాదు. ఇక్కడ మన శాస్త్రం చక్కని ఉపమానం ఇస్తున్నది. శోధన చికిత్స అయిన రోగికి వెంటనే విందు పెట్టము. మొదట పల్చని జావ, తరువాత చిక్కని జావ, ఆపైన పెసరకట్టు, జఠరాగ్ని కోలుకొన్న కొలది ఒక్కొక్క మెట్టు ఎక్కిస్తాము. దీనినే సంసర్జన క్రమమన్నారు. ఎరిక్సన్ కోలుకొన్న తీరు చూడుడు. అది వ్యాయామానికి సంసర్జన క్రమమే.

ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. చర్మం కింద ఐ.సి.డి. అను చిన్న పరికరం అమర్చినారు. అది అహర్నిశలు లయను కనిపెట్టి, లయ చెడినచో లోపలినుండే విద్యుత్తునిచ్చి సరిచేస్తుంది. జూన్ 18న ఇంటికి వెళ్ళినాడు. అటువంటి పరికరం ఉన్నవారు ఇటలీ పోటీలలో ఆడుటకు అక్కడి నిబంధనలు ఒప్పుకొనవు. అందుచేత 2021 డిసెంబరులో ఇంటర్ మిలాన్ క్లబ్బుతో అతని ఒప్పందం ఉభయుల సమ్మతితో ముగిసినది. బ్రతుకుతెరువే పోయినది. అయినా తొందరపడలేదు. వైద్య పరీక్షల నడుమ ఒంటరిగా సాధన చేసినాడు. తరువాత ఆమ్‌స్టర్‌డామ్‌లో అయాక్స్ క్లబ్బు కుర్రవారితో కలిసి సాధన చేసినాడు. 2022 ఫిబ్రవరి 26న, కూలిన 259 రోజులకు, ఇంగ్లండులో బ్రెంట్‌ఫోర్డ్ జట్టు పక్షాన మైదానంలో అడుగుపెట్టినాడు. అదియూ రెండవ అర్ధభాగంలో మాత్రమే. మార్చి 29న తాను కూలిన పార్కెన్ మైదానంలోనే జట్టుకు నాయకత్వం వహించి, సెర్బియాపై గోలు చేసినాడు. 2024 జూన్ 16న, మరల అవే ఐరోపా పోటీలలో, స్లొవేనియాపై గోలు చేసినాడు. నడుమ గడచినవి 1,100 రోజులు.

హామ్లిన్ కథలోనూ క్రమమే ఉన్నది. ప్రత్యేక వైద్య నిపుణులందరి పరీక్షలు ముగిసి 2023 ఏప్రిల్‌లో అనుమతి వచ్చినది. ఆగస్టులో సన్నాహక పోటీ, అక్టోబరు 1న అసలు పోటీ. మరి అందరూ ఆటకు తిరిగి రాగలరా? రాలేరు. 2012 మార్చి 17న లండనులో ఆడుతూ కూలిన 23 ఏళ్ళ ఫాబ్రిస్ ముయాంబా గుండె 78 నిమిషాలపాటు తనంతట కొట్టుకొనలేదు. అతడు బ్రతికినాడు, కాని ఆ ఏడాదే ఆటకు స్వస్తి చెప్పినాడు. అదియూ కోలుకొనుటయే. కారణాన్ని బట్టి నిర్ణయం మారుతుంది. అందుకే నిదానం ముందు, చికిత్స తరువాత.

ఇంట పాటించవలసిన జాగ్రత్తలు

గుండె ఆగి బ్రతికినవారికి మన వంటిల్లు, మన వైద్యం చేయగల సాయం మూడవ దశలోనిది. హృద్రోగ నిపుణుల మాత్రలు ఒక్క పూట కూడా మానకుండా దానిని పాటించవలెను.

ఆహారం: పాత బియ్యపు జావ, పెసరకట్టు, బీర, సొర, పొట్ల వంటి కూరలు, దానిమ్మ. ఊరగాయలు, అప్పడాలు, ఊరమిరపకాయలు తగ్గించవలెను.

తెల్లమద్ది: బెరడు పొడి ఒక భాగం, పాలు ఎనిమిది భాగాలు, నీరు ముప్పదిరెండు భాగాలు కలిపి పాలు మిగులువరకు కాచుట సంప్రదాయ పద్ధతి. అయితే గుండె లయకు, రక్తం గడ్డకట్టకుండుటకు మాత్రలు వాడువారు తమ వైద్యునికి చెప్పకుండా దీనిని ప్రారంభింపరాదు.

నిషేధాలు: అతిమధురం ఎక్కువగా వాడినచో శరీరంలో పొటాషియం తగ్గి లయ చెడవచ్చును. వత్సనాభి చేరిన జ్వరపు మాత్రలు గుండె లయకు ప్రమాదకరం. వీటిని వీరు ముట్టరాదు.

అయస్కాంతం: ఐ.సి.డి. ఉన్నవారు అయస్కాంత చికిత్స ఎట్టి పరిస్థితిలోను చేయించుకొనరాదు. అయస్కాంతం దగ్గరకు వచ్చినచో పరికరం తన పని ఆపివేయగలదు. సెల్‌ఫోను ఆ పక్క జేబులో పెట్టుకొనరాదు. పరికరం ఉన్న చోట తైలమర్దనం చేయరాదు.

వ్యాయామం: బలంలో సగం వరకే వ్యాయామం చేయుమని మన ఆచార్యులు విధించినారు. నుదుట చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చినచో అదియే హద్దు. వైద్యుడు చెప్పిన హద్దు ఇంతకంటె తక్కువైనచో అదే పాటించవలెను. బిగించి ఊపిరి నిలుపు కుంభకం వద్దు.

మనస్సు: హృదయాన్ని, ఓజస్సును కాపాడుకొనువారు మనోదుఃఖ కారణాలను విశేషంగా విడువవలెనని చరకుడు చెప్పినాడు. బ్రతికి బయటపడినవానికి రాత్రులు భయంతో నిద్ర పట్టకపోవచ్చును. ఇంటివారు “ఇంక భయమెందుకు” అని కసరక, కూర్చుండి వినవలెను.

రక్తసంబంధికులు: మీ వంశంలో నలుబది ఏండ్లలోపు ఎవరైనా హఠాత్తుగా మరణించియున్నను, మీ పిల్లవాడు పరుగెడుతూ స్పృహ తప్పియున్నను, ఈ నెలలోనే హృద్రోగ నిపుణునికి చూపి, ఇ.సి.జి., ఎకో పరీక్షలు చేయించవలెను.

చివరగా ఒక విన్నపం. ఈ రాత్రి భోజనమైన తరువాత గట్టి దిండొకటి నేలపై వేసి, ఇంటిల్లిపాదీ వరుసగా రెండేసి నిమిషాలు నొక్కి చూడుడు. రెండు నిమిషాలకే చేతులు ఎంత అలసిపోవునో తెలియును. అలసినప్పుడు అందుకొనుటకు పక్కన మరొకరుండుట ఎంత అవసరమో కూడా తెలియును. తరువాత మీ ఊరిలో ఆటలపోటీలు జరిపించు పెద్దలతో మాట్లాడి, శిక్షణ ఇచ్చువారిని ఒక్కరోజు పిలిపించుడు. ప్రతి ఏటా సంక్రాంతికి ముందు నేను ఆ గ్రామానికి వెళ్ళి కబడ్డీ కుర్రవారికి ఇదే నేర్పుతున్నాను. మొదటి ఏడాది ముందు వరుసలో కూర్చొని నేర్చుకొన్నవాడు ఆ తండ్రి.